ఆటస్థలంలో దిద్దిన అక్షరాలు

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన పూర్వ విద్యార్థుల కూటములో చదివిన ప్రసంగ పాఠము)



ఈ కూటములో మాట్లాడమని కమిటీవారు కబురు పంపినప్పుడు మేము ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరం చూచుకొన్నాము. మాలో ఒకడు పోస్టుమాస్టరుగా రిటైరైనవాడు, ఒకడు కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడు, మూడవవాడు నేటికీ సొంత మడిచెక్క దున్నుకొనుచున్నవాడు. పండితులెవరూ లేరు. చదివేది ఒకడైనా, ఈ కాగితం మీద పెట్టినది ముగ్గురం కూర్చుని పెట్టినదే. కాబట్టి ‘మేము’ అన్నచోటెల్లా ముగ్గురమనే మీరు అర్థం చేసుకోవలెను. ఒక్కొక్కచోట ఆ మాటలో నాలుగవవాడు కూడా ఉన్నాడు. ఆ సంగతి ముందుకు వస్తుంది.

మాకిచ్చిన విషయం ‘విద్యాభివృద్ధి - పట్టుదల’. ఈ విషయము గూర్చి మాట్లాడుటకు మాకున్న అర్హత ఒక్కటే: మేము ముగ్గురమూ ఆరవ తరగతి తప్పినవాళ్లము.

1963 జూన్ నెలలో మా ఊరి నుండి నలుగురు పిల్లలము రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకొని ఈ బోర్డింగుకు వచ్చాము. మా ఊరిలో బడి అంటే ప్రార్థన గుడిసే. ఐదు తరగతులకూ కలిపి ఉపదేశిగారు ఒక్కరే. ఆయన మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఉదయం నాలుగు ఊళ్లు నడిచి తిరిగి వచ్చి, మధ్యాహ్నం మాకు ఎక్కాలు చెప్పేవారు. అయితే పల్లె బడిలో పలక మీద అక్షరాలు దిద్దిన మాకు, ఇక్కడ కాగితం, కలం, సిరాబుడ్డి, ఇంగ్లీషు వాచకం ఒక్క వారంలో మీద పడినవి. పంతులుగారు చదవమంటే మేము లేచి నిలబడేవాళ్లము. నోరు తెరిచేవాళ్లము కాదు. పక్క బెంచీ పిల్లలు నవ్వేవారు. ఒకాయన మాకు ‘నాలుగు మొద్దులు’ అని పేరు పెట్టారు. ఆయన పేరు ఇప్పుడు చెప్పబోము, ఆయనా గతించారు.

తరగతిలో నలభై నలుగురం. అర్ధ సంవత్సర పరీక్షలో మా నలుగురి ర్యాంకులు 41 నుండి 44 వరకు వరుసగా వచ్చినవి. ఊరివాళ్లు ఒక బంతిలో కూర్చున్నారు అని వార్డెనుగారు హాస్యమాడారు. మేమూ నవ్వినాము. రాత్రి చాపల మీద పడుకొన్న పిమ్మట ఎవరమూ మాట్లాడుకోలేదు.

క్రిస్మసు సెలవులకు ఇంటికి వెళ్లాము. తిరిగి వచ్చినది ముగ్గురమే. నాలుగవవానిని తండ్రి ఒక రైతు దగ్గర జీతానికి పెట్టాడు. ప్రోగ్రెస్ కార్డు చదివించుకొని, “చదువు రానివానికి బోర్డింగు ఫీజు ఎందుకు, ఏడాదికి రెండు బస్తాల వడ్లు ఇస్తామంటున్నారు” అన్నాడట. ఆయనను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు, ఆ ఇంటిలో ఆ యేడు గింజలు లేవు. జనవరిలో మేము బయలుదేరిన రోజున అతడు మా పెట్టెలు ఒక్కొక్కటిగా పొలిమేర దాకా మోసి, చింతచెట్టు దగ్గర దించి, పశువుల వేళయిందని పరుగెత్తుకొంటూ వెళ్లిపోయాడు. మా నలుగురిలో వేగంగా పరుగెత్తేవాడు అతడే.

మార్చిలో మేము ముగ్గురమూ తప్పాము.

మరుసటి జూన్‌లో, అనగా 1964లో, మా బడికి కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చారు. సైదాపేటలో తర్ఫీదు పొందినవారు. నేటి యవనస్థులకు సైదాపేట అంటే తెలియకపోవచ్చును. హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు 1920లో మద్రాసునందు వై.ఎమ్.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించారు. 1924లో పారిస్ ఒలింపిక్సుకు వెళ్లిన భారత జట్టు వెంట కూడా ఆయన వెళ్లారు. ఆ కళాశాలలో చదివిన డ్రిల్లు మాస్టర్లు తెలుగు దేశమందలి బడులలోనూ పనిచేశారు. చేతిలో ఈల, కాళ్లకు తెల్లని కేన్వాసు బూట్లు, మెడలో నల్లతాడుకు కట్టిన స్టాప్ వాచీ, ఇది మా మాస్టారి వేషము. మనిషి పొట్టి. గొంతు మాత్రం గుడి గంటతో పోటీపడేది.

ఆయన మమ్మును చేరదీసి, “మీరు మొద్దులు కారు” అని ఓదార్చలేదు. అటువంటి మాట ఆయన నోట మేము ఎన్నడూ వినలేదు. మొదటి శనివారం మాకొక సున్నపు డబ్బా, ఒక టేపు, నాలుగు మేకులు ఇచ్చి, “పరుగుబాట గీయండి” అన్నారు. ఎందుకు మమ్మునే పిలిచారో తెలియదు. మిగతావారు స్టడీలో ఉన్నారు, మేము వేపచెట్టు క్రింద ఊరకనే కూర్చున్నాము, బహుశా అంతే కారణమేమో.

మన మైదానం చిన్నది. ఒక చుట్టు 220 గజాలు. మైలుకు 1,760 గజాలు కాబట్టి ఎనిమిది చుట్లు. ఈ లెక్క మేము పుస్తకంలో నేర్వలేదు. ఎనిమిది చుట్లూ పరుగెత్తి, ఏడవ చుట్టులో కడుపు పట్టుకొని నేర్చుకొన్నాము. టేపు పట్టుకొన్నవానికి అడుగులు, గజాలు తెలియవలెను. వంపు తిరిగేచోట లోపలి గీత మీద పరుగెత్తువానికి దారి తక్కువ, బయటి గీత మీదివానికి ఎక్కువ. అందుచేత బయటివానిని ముందుగా నిలబెట్టవలెను. ఎంత ముందుగా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు మాస్టారు మాకు మైదానం నడుమ మేకు పాతి, తాడు కట్టి, వృత్తం గీయించారు. లెక్కల క్లాసులో ఆ పాఠం రెండేండ్ల తర్వాత వచ్చినది. పంతులుగారు బోర్డు మీద వృత్తం గీయగానే మాలో ఒకడు, “ఇది వంపు లెక్క సార్” అని లేచి నిలబడ్డాడు. పిలువకుండా లేచి నిలబడుట మా చరిత్రలో అది మొదటిసారి.

తర్వాత రిజిస్టరు. నీలం అట్ట, పొడుగాటి పుస్తకం. ఎవరు పరుగెత్తారు, ఎన్ని గజాలు, ఎన్ని సెకనులు, అది రాయవలెను. ఈ పనిని మాస్టారు మాలో అందరికన్న చదువు తక్కువైనవానికి అప్పగించారు. మొదట్లో అతడు పేర్లను రాయలేదు, బొమ్మలు వేసినట్లు వేసేవాడు. మన బడిలో పిల్లల పేర్లు మీకు తెలిసినవే కదా! యిర్మీయా, జెకర్యా, హబక్కూకు వంటి పేర్లు. అటువంటి పేరు పెట్టుకొన్నవాడు వారానికి మూడుమార్లు పరుగెత్తితే, ఒత్తులు నేర్చుకోక ఏమి చేస్తాడు? పేరు తప్పు రాస్తే ఆ పిల్లవాడు వచ్చి పోట్లాడేవాడు. పంతులుగారి బెత్తం కన్న ఆ పోట్లాట బాగా పనిచేసినది.

ఆ స్టాప్ వాచీ సెకనును ఐదు భాగాలుగా చూపించేది. పోయిన వారం 440 గజాలు 68 సెకనుల రెండు బై ఐదు, ఈ వారం 66 సెకనుల నాలుగు బై ఐదు. ఎంత తగ్గినది? రెండులో నాలుగు పోదు, సెకను నుండి అప్పు తేవలెను. ఒకటి మూడు బై ఐదు. భిన్నాలంటే భయపడి తప్పినవాళ్లము, మా సొంత పరుగులోని భిన్నాన్ని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లము.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. ఆటలు ఆడితే చదువు దానంతట అది వస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. మా కాలంలోనే చెడుగుడులో జిల్లాకు పేరు తెచ్చిన అన్నలు ఇద్దరు మూడేండ్లు ఒకే తరగతిలో కూర్చున్నారు. మా విషయంలో జరిగినదేమనగా, మాస్టారు ప్రతి సోమవారం ఆ రిజిస్టరు చంకన పెట్టుకొని తెలుగు పండితులవారి దగ్గరికి, లెక్కల పంతులుగారి దగ్గరికి వెళ్లి చూపేవారు. “వీడు ఇది రాశాడు, మీ పేపరులో ఎందుకు రాయలేడు?” అని అడిగేవారు. కొందరికి ఆ ప్రశ్న నచ్చలేదు. పండితులవారు మాత్రం సాయంత్రం అరగంట మాకోసం కూర్చునుటకు ఒప్పుకొన్నారు. ఆ అరగంటకు రానివాడు మరునాడు బంతి ముట్టరాదు, ఇది నియమము. బాల్ బ్యాడ్మింటన్ బంతి కోసం మేము సంధులు నేర్చుకొన్నాము. ఆ రోజుల్లో బోర్డింగులో ఉదయం పెట్టే అమెరికా గోధుమ నూక ఉప్మా తిని, పాలపొడి పాలు తాగి ఎట్లా పరుగెత్తామో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యము. ఆకలి మాత్రం ఎప్పుడూ ఉండేది.

రెండవ యేడు ఆరవ తరగతిలో మా ర్యాంకులు 19, 23, 30. ఆ తర్వాత మేము ఎన్నడూ తప్పలేదు. గొప్ప మార్కులు కూడా ఎన్నడూ రాలేదు. పబ్లిక్ పరీక్ష ముగ్గురమూ ఒకేసారి దాటాము. అంతకు మించి ఇక్కడ చెప్పుకోదగినదేమీ లేదు.

అయితే 1966 సంక్రాంతి నాటి సంగతి ఒకటి చెప్పవలెను. అప్పటికి మాస్టారు మమ్మును రిలేలో పెట్టారు. రిలేకు నలుగురు కావలెను. మేము ముగ్గురం, నాలుగవవాడు వేరే ఊరి పిల్లవాడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నూర్పిడి అయిన కళ్లంలో మేము బూడిదతో గీత గీసి, మా పాత స్నేహితుని పిలిచాము. అతడు గేదెలను కట్టివేసి, తలగుడ్డ నడుముకు బిగించి వచ్చాడు. మేము రెండేండ్లుగా తర్ఫీదు పొందినవాళ్లము. అతడు మా ముగ్గురినీ పది అంగల దూరంలో వెనుక వదిలి గీత దాటాడు. దాటి, ఒగుర్చుకొంటూ, నవ్వుతూ, “దీనికి మీ బడిలో మార్కులు ఇస్తారా?” అని అడిగాడు.

ఇస్తారని మేము చెప్పలేకపోయాము. ఇవ్వరని కూడా చెప్పలేకపోయాము. మాస్టారితో చెప్పగా, ఆయన తమ ఖర్చుతో బస్సెక్కి ఆ ఊరికి వెళ్లారు. తండ్రి కాళ్లావేళ్లా పడి, “రైతు దగ్గర అప్పు ఉన్నది అయ్యా, పిల్లవాడిని విడిపించలేను” అన్నాడు. మాస్టారు తిరిగి వచ్చి ఆ సాయంత్రం ఎవరినీ పరుగెత్తించలేదు. ఒక్క ఆరు నెలల ముందు ఆయన మన బడికి వచ్చి ఉంటే అని మేము ఈనాటికీ అనుకొంటాము. మా స్నేహితుడు ఇప్పుడు లేడు. అతని మనుమరాలు మన బడిలోనే ఎనిమిదవ తరగతి చదువుచున్నది.

ఇటువంటి సభలలో గ్లెన్ కన్నింగ్‌హామ్ కథ చెప్పుట ఆనవాయితీ. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో బడి కాలిపోగా, చిన్నతనంలో కాళ్లు కాలి, అన్నను పోగొట్టుకొని, ఇక నడవలేడనుకొన్న ఆ పిల్లవాడు 1936 బెర్లిన్ ఒలింపిక్సులో 1500 మీటర్ల పరుగులో రజత పతకం గెలిచాడు. మంచి కథే. మేమూ చిన్నప్పుడు విన్నాము. కాని ఇప్పుడు అంత దూరం పోనవసరం లేదు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అను ఊరు కలదు. అక్కడి జీవాంజి దీప్తిని గూర్చి చెప్పుకొందాము.

దీప్తి 2003లో పుట్టినది. తల్లిదండ్రులు కూలి చేసుకొని బ్రతికేవారు. బిడ్డకు బుద్ధి ఎదుగుదలలో లోపము కలదు. మాట, గ్రహింపు నెమ్మది. ఊరివారు పిచ్చిది అన్నారు, కోతి అన్నారు, అనాథాశ్రమంలో వదిలివేయుడని సలహా కూడా ఇచ్చారు. ఇవి ఆ తల్లి పత్రికలవారితో తానే చెప్పుకొన్న మాటలు. ఉన్న కొద్దిపాటి భూమినీ ఆ కుటుంబం అమ్ముకోవలసి వచ్చినది. బడిలో వ్యాయామం చెప్పే మాస్టారు ఒకరు ఆ పిల్ల పరుగు చూచారు. పిమ్మట శిక్షకులు నాగపురి రమేశ్‌గారు చూచారు. 2016లో ద్రోణాచార్య పురస్కారం పొందిన ఆయన, ఆమెను హైదరాబాదుకు పిలిపించి తర్ఫీదు ఇచ్చారు. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్‌గారి సంస్థ కూడా సాయపడినది. పరీక్షలు చేయించగా ఆమె పారా క్రీడలలో టి-20 అను విభాగంలో పాల్గొనవచ్చునని తేలినది. బుద్ధి వికాసంలో లోపమున్నవారి విభాగము అది.

ఈ విభాగానికి ఒక చరిత్ర కలదు. మీలో చాలామంది విని ఉండరు. 2000లో సిడ్నీ పారాలింపిక్సులో స్పెయిన్ దేశపు బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచినది. ఆ పన్నెండుగురిలో పదిమందికి అసలు లోపమే లేదని తర్వాత బయటపడినది. ఆ మోసానికి శిక్ష ఎవరికి పడినది? నిజముగా లోపమున్న పిల్లలందరికీ పడినది. వారి పోటీలనే తీసివేశారు. తిరిగి 2012 లండన్ పారాలింపిక్సులోనే వారికి తలుపు తెరచినది. అప్పటికి దీప్తికి ఇంకా తొమ్మిదేండ్లు నిండలేదు. ఆ తలుపు తెరవకపోతే ఆమె ఎంత వేగంగా పరుగెత్తినా పోవుటకు చోటు లేకపోయెడిది.

2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో ఆమె 400 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచినది. ఆ బహుమతి సొమ్ముతో, అమ్ముకొన్న భూమిని ఆ కుటుంబం తిరిగి కొనుక్కొన్నది. మాలో వ్యవసాయం చేయువాడు ఈ వార్త చదివి కళ్లజోడు తీసి తుడుచుకొన్నాడు. పతకం సంగతి మేము చెప్పినా వినలేదు, “ఆ భూమి రిజిస్ట్రేషను అయినదా?” అని అడిగాడు.

2024 మే నెలలో జపానులోని కోబె నగరంలో ప్రపంచ పారా అథ్లెటిక్ పోటీలలో 55.07 సెకనులతో ప్రపంచ రికార్డు. ఆ సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్సులో 55.82 సెకనులతో కాంస్య పతకం. బుద్ధి లోపమున్నవారిలో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయురాలు ఆమెయే.

ఈ అంకెలను మేము ముగ్గురమూ మా పాత రిజిస్టరు పద్ధతిలో ఒక కాగితం మీద వేసుకొని చూచుకొన్నాము. పారిస్‌లో స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ దేశపు యూలియా షుల్యార్ సమయం 55.16. రజతం గెలిచిన టర్కీ దేశపు ఐసెల్ ఓండర్ సమయం 55.23. కోబెలో పరుగెత్తినట్లే పారిస్‌లోనూ పరుగెత్తి ఉంటే దీప్తికి స్వర్ణమే వచ్చి ఉండెడిది. అయినా ఇది అర సెకను పైచిలుకు మాట. మా స్టాప్ వాచీలో మూడు గీతలు. మా మాస్టారు ఉంటే ఆ మూడు గీతలు ఎక్కడ పోయినవో, మొదటి వంపులోనా, చివరి వంద గజాలలోనా అని రాత్రి భోజనం దాకా తర్కించేవారు.

ప్రభుత్వము ఆమెకు కోటి రూపాయలు, ఉద్యోగము, ఇంటి స్థలము ప్రకటించినది. సంతోషము. కాని మాకు ఎక్కువగా గుర్తున్నది కల్లెడ బడి మైదానంలో నిలబడి ఒక పిల్ల పరుగును కన్నులారా చూచిన ఆ వ్యాయామ మాస్టారు. అక్కడ మైదానమే లేకపోతే ఆయన ఏమి చూచి ఉండును?

ఈ ప్రశ్నతో మేము అసలు సంగతికి వచ్చాము. కమిటీవారు నొచ్చుకోకూడదు.

మన బడి మైదానంలో రోడ్డు వైపున దుకాణాల సముదాయము, వెనుక కళ్యాణ మండపము కట్టవలెనను ఆలోచన పాస్టరేట్ కమిటీ ముందున్నది. శతవార్షికోత్సవ జ్ఞాపకార్థమని అంటున్నారు. వారి కష్టం మాకు తెలియనిది కాదు. తరగతి గదుల కప్పులు కారుచున్నవి. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే నింపువారు లేరు. అద్దె వస్తే గోడలకు సున్నమైనా పడుతుందని కోశాధికారిగారు మాతో అన్నారు, అది న్యాయమైన మాటే. నూరు రూపాయల చందా ఇచ్చి నూరు మాటలు అనువాళ్లము మేము కాము. మేము ముగ్గురమూ మా శక్తి కొలది ఒక గది కప్పు ఖర్చు భరించుటకు మాట ఇచ్చియున్నాము.

కాని 2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఉండవలసిన వాటిలో ఆటస్థలమును కూడా పేర్కొన్నదని జ్ఞాపకం చేయుచున్నాము. చట్టం మాట అటుంచండి. ఇంజనీరుగారు చూపిన ప్లానును మేము టేపుతో కొలిచి చూచాము. దుకాణాలకు ఇరవై అడుగులు లోపలికి వచ్చినా మన 220 గజాల చుట్టు తెగిపోతుంది. మిగిలేది నిలబడి ప్రార్థన చేసుకొనుటకు సరిపడు చోటు. ప్లానును తూర్పు వైపుకు, పాత బావి పూడ్చిన స్థలానికి మార్చగలిగితే దుకాణాలు పది బదులు ఆరు వస్తవి, చుట్టు మాత్రం మిగులుతుంది. ఆ లెక్కంతా వేసి కాగితం కోశాధికారిగారికి ఇచ్చాము. భిన్నాలు సరిచూచుకొనవలసినదిగా కోరుచున్నాము.

మరొక మాట. గత నాలుగేండ్లుగా మన బడికి వ్యాయామ ఉపాధ్యాయుడు లేడు. సాయంత్రం పిల్లలు వేపచెట్టు క్రింద ఊరకనే కూర్చుంటున్నారు. మొన్న మేము పాత బీరువాలో వెదకగా మా నీలం అట్ట రిజిస్టరు దొరికినది. అంచులు చెదలు తిన్నవి. చివరి పేజీలలో సగము ఖాళీగా ఉన్నవి. మాలో పోస్టుమాస్టరు ఆ ఖాళీ పేజీలకు గీతలు గీసి పెట్టాడు. మా స్నేహితుని మనుమరాలు లెక్కలలో వెనుకబడినదని ఉపాధ్యాయురాలు చెప్పారు. ఆ పిల్ల పరుగు మేము ఇంకా చూడలేదు.

కమిటీ వచ్చే నెల రెండవ శనివారం కూర్చుంటుంది. అంతకు ముందు శనివారం సాయంత్రం ఐదు గంటలకు బిషప్పుగారు, కమిటీ పెద్దలు, తల్లిదండ్రులు దయచేసి మైదానము వద్దకు రావలెనని మా మనవి. టేపు, సున్నము, మేకులు మేము తెస్తాము. మాలో ఒకనికి మోకాళ్లు వంగవు కాబట్టి మేకులు కొట్టుటకు ఇద్దరు యవనస్థులు కావలెను.